ఒక్క నొక్కుకు రెండు క్లిక్కులు: మౌస్ మార్చాలా, బాగు చేసుకోవాలా?

ఫైలు పేరు మార్చాలని దాని మీద ఒక్కసారి నొక్కితే ఫైలే తెరుచుకుంటుంది. ఒక విండో మూయాలని మూలనున్న గుర్తు నొక్కితే దాని వెనకున్నది కూడా మూసుకుపోతుంది. నాలుగు పేరాలు సెలెక్ట్ చేద్దామని నొక్కిపట్టి లాగుతుంటే సగంలోనే సెలక్షన్ చెదిరిపోతుంది. ఫోల్డర్‌ను లాగుతున్నప్పుడైతే మరీ కష్టం. దారిలో జారి ఇంకో ఫోల్డర్‌లో పడుతుంది, ఎందులో పడిందో వెతకడానికే అరగంట పోతుంది. డీటీపీ సెంటర్లోనో మీసేవ కౌంటర్లోనో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మౌస్ మీదే చేయి ఉండేవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు. ఎదురుగా జనం నిలబడి ఉన్నప్పుడు, డబ్బు కట్టే బటన్ ఒక్కసారి నొక్కితే రెండుసార్లు వెళ్లిందేమోనన్న టెన్షన్ ఎలా ఉంటుందో పడ్డవారికే తెలుసు.

ఇలా జరిగినప్పుడు చాలామంది మొదట వైరస్ అనుకుంటారు. తర్వాత విండోస్ పాడైందనుకుని ఫార్మాట్ కొట్టించేవారూ ఉన్నారు. అసలు లోపం మాత్రం చూపుడువేలి కిందే ఉంటుంది. ఎడమ బటన్ లోపల వేలిగోరంత స్విచ్చు, ఆ స్విచ్చులో సన్నటి లోహపు రేకు. మౌస్‌లో మిగతాదంతా నిక్షేపంగా ఉన్నా ఆ రేకు ఒక్కటి అలసిపోతే చాలు, మౌస్ మొత్తం చెత్తబుట్టలోకి పోతోంది. ఆ రేకు కథ తెలిస్తే మార్చాలా, బాగు చేసుకోవాలా అన్న నిర్ణయం తేలిక.

మౌస్ బటన్ అని మనం నొక్కేది నిజానికి ప్లాస్టిక్ మూత మాత్రమే. దాని కింద ఒక చిన్న బొడిపె ఉంటుంది. అది కింద బోర్డు మీదున్న మైక్రోస్విచ్ తలను నొక్కుతుంది. ఈ రకం స్విచ్ కంప్యూటర్ కంటే పాతది. 1932లో అమెరికాలోని ఫ్రీపోర్ట్ అనే ఊళ్లో మెక్‌గాల్ అనే ఆయన దీన్ని కనిపెట్టారు. లిఫ్టు తలుపుల్లో, మైక్రోవేవ్ ఓవెన్లలో, ఫ్యాక్టరీ యంత్రాల్లో ఇప్పటికీ ఇదే సూత్రం పనిచేస్తోంది. మౌస్‌లో వాడే రకం సుమారు 12.8 మిల్లీమీటర్ల పొడవు, 5.8 వెడల్పు, 6.5 ఎత్తు ఉంటుంది. కింద మూడు కాళ్లు.

లోపల రేకు మధ్యలో నాలుకలా ఒక ముక్క కోసి ఉంటుంది. ఆ నాలుకను విల్లులా వంచి ఒక గాడిలో బిగిస్తారు. పైనుంచి నెమ్మదిగా ఎంత నొక్కినా రేకు ఒక హద్దు దాకా కదలదు. ఆ హద్దు దాటగానే విల్లు వదిలినట్టు ఒక్కసారిగా అవతలి వైపుకు ఎగిరి అక్కడి లోహపు పాయింటును తాకుతుంది. మనకు వినిపించే "టక్" అదే. వేలు నెమ్మదిగా నొక్కినా గట్టిగా నొక్కినా కరెంటు కలిసే క్షణం మాత్రం ఒకేలా ఉండాలన్నది ఈ ఏర్పాటు ఉద్దేశం.

అయితే లోహం లోహాన్ని తాకినప్పుడు అక్కడే అతుక్కుని ఉండిపోదు. స్టీలు గిన్నె నేల మీద పడితే రెండు మూడుసార్లు ఎగిరి నిలకడకు వచ్చినట్టే, రేకు కొస కూడా పాయింటు మీద కొన్నిసార్లు ఎగిరిపడుతుంది. కొత్త స్విచ్చులో కూడా ఇది జరుగుతుంది, కానీ ఒకటి రెండు మిల్లీసెకన్లలో సర్దుకుంటుంది. మౌస్ లోపలి చిప్‌కు ఈ సంగతి తెలుసు కాబట్టి మొదటి తాకిడి తర్వాత కొన్ని మిల్లీసెకన్ల పాటు వచ్చే ఎగిరిపాట్లను పట్టించుకోదు. దీన్నే డీబౌన్స్ అంటారు. స్విచ్ పాతబడి ఎగిరిపాటు ఈ గడువు దాటిందంటే చిప్‌కు అది రెండో నొక్కులా కనిపిస్తుంది. ఒక్క నొక్కుకు రెండు క్లిక్కులు అలా పుడతాయి.

పాతబడడం రెండు రకాలుగా జరుగుతుంది. ఒకటి, వంచిన నాలుకలో బిగువు తగ్గుతుంది. లాగి లాగి వదిలిన రబ్బరు బ్యాండులా పట్టు సడలి, రేకు పాయింటును గట్టిగా అదమలేదు. వేలి బరువు కాస్త తేలికైనా తాకిడి తెగిపోతుంది. ఫోల్డర్ లాగుతున్నప్పుడు దారిలో జారిపోయేది ఇందుకే. రెండోది, తాకే చోట సన్నటి పొర పేరుకోవడం. వెండి పూత ఉన్న పాయింట్లయితే ఇంట్లో వెండి కుంకుమభరిణె నల్లబడినట్టే గాలిలోని గంధకపు వాయువులకు నల్లబడతాయి. ఎక్కువ కరెంటు పారే స్విచ్చుల్లో ప్రతి తాకిడికీ ఆ పొర కాలి శుభ్రమవుతుంటుంది. మౌస్‌లో పారే కరెంటుకు అంత శక్తి ఉండదు.

పెట్టె మీద "కోటి క్లిక్కులు", "2 కోట్లు", "5 కోట్లు" అని గొప్పగా రాసి ఉన్నా మౌసులు ఏడాదికో రెండేళ్లకో మొరాయించడం వెనక ఈ కరెంటు పాత్ర కూడా ఉంది. రోజుకు 5,000 సార్లు నొక్కేవారికి కోటి క్లిక్కులంటే 2,000 రోజులు, అంటే ఐదేళ్లు దాటాలి. ఆ అంకె చాలావరకు రేకు విరగకుండా ఎన్నిసార్లు కదులుతుందో చెప్పేది. ప్రతిసారీ కరెంటు శుభ్రంగా కలుస్తుందన్న హామీ అందులో ఉండదు. మౌసుల్లో బాగా కనిపించే ఆమ్రాన్ డి2ఎఫ్‌సి రకం స్విచ్చుకు కంపెనీ చెప్పే కొలత 6 వోల్టులు, 1 మిల్లీఆంపియర్. కానీ ఇవాళ్టి మౌస్ చిప్పులు చాలావరకు 3.3 వోల్టులతోనో అంతకంటే తక్కువతోనో నడుస్తాయి. బ్యాటరీ ఎక్కువ రోజులు రావాలని వైర్‌లెస్ మౌసుల్లో ఇంకా పొదుపు చేస్తారు. పైగా గేమింగ్ మౌసుల్లో క్లిక్కు వేగంగా అందాలని డీబౌన్స్ గడువునూ కుదిస్తారు. స్విచ్ అదే, దానికి అందే కరెంటు తక్కువ, దాని పొరపాట్లను కాచే గడువూ తక్కువ. వేలకు వేలు పోసి కొన్న మౌస్‌కే ఈ సమస్య త్వరగా రావడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు గానీ, అందులో వింతేమీ లేదు.

స్విచ్ పోయిందని తేల్చుకునే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. విండోస్‌లో ఒకే క్లిక్కుతో ఫైళ్లు తెరుచుకునే సెట్టింగ్ ఒకటి ఉంది, ఎవరైనా పొరపాటున పెట్టి ఉండొచ్చు. క్లిక్‌లాక్ అనే ఇంకో సెట్టింగ్ ఆన్ అయి ఉంటే కాసేపు నొక్కిపట్టగానే బటన్ అతుక్కుపోయినట్టు ఉంటుంది. వైర్‌లెస్ మౌస్ అయితే బ్యాటరీ మార్చి చూడాలి. దాని రిసీవర్‌ను యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ పక్కన పెట్టినా అంతరాయం వస్తుంది, ఎందుకంటే ఆ హార్డ్‌డిస్క్ నుంచి వెలువడే రేడియో రొద, వైర్‌లెస్ మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోకి కూడా వస్తుంది. రిసీవర్‌ను ముందువైపు పోర్టుకు మార్చగానే కుదుటపడిన మౌసులు చాలా ఉన్నాయి.

ఇవన్నీ అయ్యాక కూడా అనుమానం ఉంటే తేల్చే పరీక్షలు రెండు. మొదటిది, సెట్టింగ్స్‌లో కుడి ఎడమ బటన్లను తారుమారు చేయడం. కుడి వేలితో పనంతా సాఫీగా సాగుతూ, ఎడమ బటన్ నొక్కినప్పుడు మెనూ వచ్చి మాయమవుతుంటే తప్పు ఎడమ స్విచ్చుదే. రెండోది, విండోస్‌లో బొమ్మలు గీసే పెయింట్ ప్రోగ్రాము. బ్రష్ తీసుకుని, ఎడమ బటన్ మీద వేలు తేలిగ్గా ఆనించి నొక్కిపట్టి, తెర ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా ఒక గీత గీయాలి. బాగున్న స్విచ్ అయితే గీత ఏకధాటిగా వస్తుంది. పట్టు సడలిన స్విచ్ అయితే ముగ్గులో పిండి జారనట్టు అక్కడక్కడా ఖాళీలు పడతాయి. వేలు కొంచెం గట్టిగా అదిమితే ఖాళీలు పోయి, తేలిక చేయగానే మళ్లీ వచ్చాయంటే రేకు బిగువు పోయిందన్నట్టే.

కొన్నిసార్లు స్విచ్ బాగానే ఉండి పైమూత కింది బొడిపె అరిగిపోతుంది. ఏళ్ల తరబడి ఒకేచోట నొక్కడంతో అక్కడ చిన్న గుంట పడుతుంది. అప్పుడు బటన్ లూజుగా ఆడుతుంది, కొంత దూరం ఊరికే కిందికి దిగాక గానీ క్లిక్ పడదు. ఆ గుంటలో ఒకటి రెండు పొరలు టేపు అంటిస్తే సరిపోతుంది. ఖర్చేమీ లేదు. ఇక రెండు బటన్లూ, కింది లైటూ కలిసి పోతూ వస్తూ ఉంటే అది వైరు మెడ దగ్గర తెగిన లక్షణం. చక్రం కిందికి తిప్పితే పేజీ పైకి ఎగురుతుంటే అది చక్రం పక్కన ఉండి దాని తిరుగుడును లెక్కించే ఎన్‌కోడర్ సమస్య. అందులో చేరిన వెంట్రుకలు, దుమ్ము తీస్తే తరచు బాగవుతుంది.

డబుల్ క్లిక్ వేగం పెంచితే సరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. దాని వల్ల ప్రయోజనం లేదు. విండోస్ మామూలుగా 500 మిల్లీసెకన్లలోపు వచ్చిన రెండు క్లిక్కులను డబుల్ క్లిక్‌గా లెక్కిస్తుంది. ఆ స్లైడర్‌ను చివరిదాకా జరిపినా 200 దగ్గర ఆగుతుంది. చెడిన స్విచ్ ఇచ్చే రెండో క్లిక్కు అంతకంటే చాలా ముందే వచ్చేస్తుంది. పనికొచ్చేది డీబౌన్స్ గడువు పెంచడమే. కొన్ని కంపెనీలు తమ మౌస్ సాఫ్ట్‌వేర్‌లో ఆ సెట్టింగ్ ఇస్తాయి. లినక్స్‌లో లిబ్‌ఇన్‌పుట్ అనే భాగం ఇలాంటి దొంగ క్లిక్కులను తానే ఏరేస్తుంది. విండోస్‌లో ఆటోహాట్‌కీ అనే ప్రోగ్రాముతో చిన్న స్క్రిప్టు రాసుకుని, మరీ దగ్గరగా వచ్చిన రెండో క్లిక్కును వదిలేయమని చెప్పొచ్చు. రేపు పరీక్ష ఫీజు కట్టాలి, ఇవాళ మౌస్ ఇలా ఉందనుకునేవారికి ఇవి గండం గట్టెక్కిస్తాయి. కుడి ఎడమలు మార్చి రెండు రోజులు నెట్టుకురావడమూ మంచిదే. రేకు మాత్రం రోజురోజుకూ సడలుతూనే ఉంటుంది కాబట్టి ఇది వాయిదా మాత్రమే.

మరి కొత్తది కొనాలా? ముందు బిల్లు వెతకాలి. బ్రాండెడ్ మౌసులకు చాలావాటికి ఏడాది నుంచి మూడేళ్ల వారంటీ ఉంటుంది, అందులో ఈ సమస్యకు సాధారణంగా కొత్త మౌసే ఇస్తారు. వారంటీ ఉండగా మూత విప్పితే ఆ హక్కు పోవచ్చు, తొందరపడకూడదు. వారంటీ లేదు, మౌస్ ఖరీదు మూడు నాలుగు వందలు, ఇంట్లో లోహపు అతుకులు కరిగించే సోల్డరింగ్ ఐరన్ లేదు అంటే కొత్తది కొనడమే తెలివైన పని. బాగు చేసినందుకు మెకానిక్ అడిగే కూలి దాదాపు అంతే అవుతుంది, అడగడంలో తప్పూ లేదు.

పాతది మాత్రం తడి చెత్తలో వేయకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం పాత ఎలక్ట్రానిక్ వస్తువుల రీసైక్లింగ్ బాధ్యత తయారీదారుల మీదే ఉంది. దగ్గర్లో సేకరణ కేంద్రం దొరికేదాకా ఒక డబ్బాలో దాచినా నష్టం లేదు. అది వచ్చే ఏడాది ఇంకో మౌస్‌కు ప్రాణం పోయొచ్చు, అదెలాగో కింద ఉంది.

కొత్తది కొనేవారు ఒక్కటి గమనించాలి. కాంతితో పనిచేసే ఆప్టికల్ స్విచ్చులున్న మౌసుల్లో ఈ ఎగిరిపాటు సమస్య పుట్టదు. అక్కడ లోహాలు తాకవు. నొక్కినప్పుడు ఒక పరారుణ కిరణానికి దారి తెరుచుకోవడమో మూసుకోవడమో జరుగుతుంది, చిప్ దాన్ని చూసి క్లిక్కు లెక్కిస్తుంది. రేజర్ కంపెనీ 2019లో వైపర్ మౌస్‌తో దీన్ని తన మౌసుల్లోకి తెచ్చింది, ఇంకొన్ని కంపెనీలూ ఇలాంటివి అమ్ముతున్నాయి. ఆసుస్ ఇంకో మార్గం ఎంచుకుంది. ఆర్‌ఓజీ పేరుతో అమ్మే కొన్ని గేమింగ్ మౌసుల్లో స్విచ్చును సోల్డర్ చేయకుండా సాకెట్‌లో పెట్టి, పీకి మార్చుకునే వీలు కల్పించింది. ఇదే అన్ని మౌసుల్లో ఉండి ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు. బల్బు మార్చినంత తేలిగ్గా మార్చగలిగే భాగాన్ని బోర్డుకు అతికించి, విప్పడానికి మరలు కనబడకుండా దాచిపెట్టడం వినియోగదారుడికి అన్యాయమే.

మౌస్ ఖరీదు వేలల్లో ఉన్నా, లేక ఏళ్లుగా చేతికి అలవాటైపోయి వేరేది పట్టుకుంటే మణికట్టు నొప్పెడుతున్నా, బాగు చేసుకోవడమే మేలు. మౌస్ మెకానిక్ అని బోర్డు పెట్టుకున్నవారు ఎక్కడా కనిపించరు. కానీ మొబైల్ రిపేర్ షాపు లేని ఊరు లేదు. ఫోన్ చార్జింగ్ పిన్ మార్చే చేతికి మౌస్ స్విచ్ పది నిమిషాల పని. స్విచ్ చూపించి అడిగితే చాలామంది చేసిపెడతారు. స్విచ్ విడిగా కొంటే మామూలు రకానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆమ్రాన్, కైల్, హువానో, టీటీసీ పేర్లతో ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ విడిభాగాలకు వెతుకులాట మొదలుపెట్టే చోటు ఎప్పటిలా కోఠి గుజరాతీ గల్లీయే. అసలు కొనక్కర్లేకుండానే పని కావొచ్చు కూడా. అటక మీద పడున్న పాత మౌస్‌లో కుడి స్విచ్ దాదాపు కొత్తదిలాగే ఉంటుంది, ఎందుకంటే కుడి బటన్ నొక్కేది ఎడమతో పోలిస్తే చాలా తక్కువ. పచ్చరంగు గుండ్రటి ప్లగ్గుతో వచ్చిన పాతకాలపు మౌసులైనా సరే. లోపలి స్విచ్ కొలత ఒకటేనా కాదా అన్నది మాత్రం ముందే పోల్చుకోవాలి. కొన్ని చవక మౌసుల్లో చతురస్రంగా ఉండే వేరే రకం వాడతారు.

సొంతంగా చేసుకునేవారు ముందు బ్యాటరీ తీయాలి. మరలు చాలావరకు అడుగున జారుడు ముక్కల కింద దాక్కుని ఉంటాయి. వేలితో తడిమితే గుంట తగులుతుంది. హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడి చేస్తే జిగురు మెత్తబడి ఆ ముక్కలు చిరగకుండా లేస్తాయి. చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. మూత ఒక్క ఊపున లాగకూడదు. పై భాగానికీ బోర్డుకూ మధ్య సన్నటి రిబ్బన్ వైరు ఉండొచ్చు. లోపల చార్జింగ్ బ్యాటరీ ఉంటే దాని ప్లగ్గు ముందు ఊడదీయాలి. ప్రతి దశలో ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే మళ్లీ బిగించేటప్పుడు తడుముకోనక్కర్లేదు.

సోల్డరింగ్ రానివారికీ ఒక దారి ఉంది. స్విచ్ పై డొప్పను రెండు పక్కలా చిన్న కొక్కేలు పట్టి ఉంచుతాయి. సూదిమొనతో వాటిని ఒక్కొక్కటిగా వదులు చేస్తే డొప్ప లేస్తుంది. దానితోపాటే ఆవగింజకు కాస్త పెద్దదైన నొక్కుడు ముక్క ఎగిరిపోతుంది, అది గచ్చు మీద పడితే ఇక దొరకదు. అందుకే ఈ పని అంచున్న పళ్లెంలో తెల్లగుడ్డ పరచి చేయాలి. లోపల రేకు కనిపిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో (ఎలక్ట్రానిక్ భాగాలు శుభ్రం చేసే స్పిరిట్) తడిపిన కాగితపు ముక్కను రేకు కొసకూ పాయింటుకూ మధ్య పెట్టి రెండు మూడుసార్లు లాగితే కాగితం మీద నల్లటి గీత పడుతుంది. అది ఇన్నాళ్లూ పేరుకున్న పొర. తర్వాత రేకు తీసి నాలుకను గోటితో కొంచెం, చాలా కొంచెం, ఎక్కువ వంచి గాడిలో మళ్లీ పెట్టాలి. ఇదే అసలు కష్టం. మొదటిసారి చేసేవారికి పదిసార్లు జారిపోయినా పదకొండోసారి కూర్చుంటుంది. ఇలా బాగు చేసింది కొన్ని వారాలో, కొన్ని నెలలో పనిచేస్తుంది. మెషీన్ నూనె, కొబ్బరినూనె మాత్రం ఒక్క చుక్క కూడా వేయకూడదు. నూనె కరెంటును పారనివ్వదు, పైగా దుమ్మును పట్టుకుంటుంది.

ఐరన్ చేతిలో ఉంటే స్విచ్ మార్చడమే శాశ్వతమైన పని. ఫ్యాక్టరీలో వాడే సీసం లేని సోల్డర్ 217 డిగ్రీలు దాటితే గానీ కరగదు. షాపుల్లో దొరికే సీసం కలిసిన తీగ 183 దగ్గరే కరగడం మొదలవుతుంది. అందుకే పాత అతుకుల మీద ముందుగా కొత్త తీగ కొంచెం కరిగించి కలిపితే మొత్తం మెత్తబడి, కరిగిన సోల్డర్‌ను పీల్చే పంపుతో తేలిగ్గా లాగేయవచ్చు. మూడు కాళ్లూ వదులయ్యేదాకా స్విచ్చును బలంగా పీకకూడదు, పీకితే బోర్డు మీది రాగి పూత కూడా లేచి వస్తుంది. ఐరన్‌ను ఒకే చోట మూడు నాలుగు సెకన్లకు మించి ఆనించకూడదు. కొత్తది పెట్టేటప్పుడు దిక్కు చూసుకోవాలి. నొక్కుడు ముక్క సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక వైపుకు ఉంటుంది. తిప్పి పెడితే పైమూత దాన్ని తాకదు. స్విచ్ బోర్డుకు పూర్తిగా ఆనుకున్నాకే అతకాలి. వెంట్రుకంత ఎత్తుగా ఉన్నా బటన్ ఎప్పుడూ సగం నొక్కుకునే ఉంటుంది. గది కిటికీ తెరిచి ఉంచడం, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవడం సీసం వాడేవారెవరూ మరవకూడనివి.

మరలు బిగించే ముందే మూత ఊరికే ఆనించి, కేబుల్ తగిలించి, పెయింట్ తెరిచి అదే గీత మళ్లీ గీసి చూడాలి. వేలు తేలిగ్గా ఆనించి, తెర ఈ చివరి నుంచి ఆ చివరికి. గీత ఎక్కడా తెగకుండా వస్తే అప్పుడు జారుడు ముక్కలు అంటించవచ్చు.